‘ఇక చాలు’ అనే హార్మోన్

గర్భిణుల రక్తపరీక్ష రిపోర్టులో ‘ఇన్‌హిబిన్’ అన్న పేరు పక్కన అంకె కాస్త ఎక్కువగా కనిపిస్తే చాలు, ఇల్లంతా కంగారు. అదే హార్మోన్ అండాశయాల సంగతీ చెబుతుంది, నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్లలో ఓ అరుదైన క్యాన్సర్ జాడా పట్టిస్తుంది. ఇంతకీ ఆ అంకెను ఎలా చదవాలి?

ఐదో నెల మొదలైంది. వేవిళ్లు తగ్గాయి. నోటికి కాస్త రుచి తెలుస్తోంది. సీమంతానికి ఏ రంగు చీర కొనాలా అని పుట్టింట్లో ఒకటే చర్చ. సరిగ్గా అప్పుడే ల్యాబ్ నుంచి రిపోర్టు వస్తుంది. నాలుగు పేర్లు, నాలుగు అంకెలు. కింద లావుపాటి అక్షరాల్లో ‘స్క్రీన్ పాజిటివ్’. దాని పక్కన 1:150.

ఇక అక్కడి నుంచీ ఎన్ని మాటలో! ‘పాజిటివ్ అంటే మంచిదే కదే’ అంటుంది అమ్మమ్మ. ‘కాదు, తేడా ఉన్నట్టు’ అంటాడు మందుల షాపు నడిపే మరిది. ‘మా వైపు ఇలాంటివి ఎప్పుడూ లేవమ్మా’ అని అత్తగారి నిట్టూర్పు. ‘గ్రహణం రోజు గానీ బయటికి వచ్చావా?’ అని పక్కింటి పిన్నిగారి ఆరా. ఆ అమ్మాయి మాత్రం ఎవరికీ జవాబు చెప్పలేక, రాత్రంతా ఫోన్‌లో ఏదో ఒకటి చదువుకుంటూ మేలుకునే ఉంటుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. ఈ పరీక్ష చేయించుకున్న ప్రతి వందమందిలో దాదాపు అయిదుగురి ఇళ్లలో ఇదే జరుగుతుంది. నిజానికి ఆ కాగితం చెప్పింది ఒక్కటే. ఇలాంటి ఫలితం వచ్చిన 150 మంది తల్లుల్ని పంక్తిలో కూర్చోబెడితే వాళ్లలో ఒకరి కడుపులోని బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం ఉంది. మిగతా 149 మంది బిడ్డలకు ఆ సమస్య లేదు.

ఆ నాలుగు పేర్లలో చివరిది ఇన్‌హిబిన్-ఎ. మిగతా మూడింటి తర్వాత వచ్చి చేరింది. వినడానికి కొత్తగా ఉంటుంది కాబట్టి భయమూ దాని మీదే ఎక్కువ. 

విస్తరి మీద చెయ్యి

పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు గరిటె పట్టుకుని వస్తుంటే, కడుపు నిండినవాళ్లు ఏం చేస్తారు? విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. ఇన్‌హిబిన్ చేసే పని సరిగ్గా అదే. ‘ఇన్‌హిబిట్’ అంటేనే అడ్డుకోవడం, నిలువరించడం.

తలలో, మెదడు అడుగున శనగ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది నెలనెలా ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను అండాశయాలకు వడ్డిస్తుంది. ఆ వడ్డనతోనే అండాలున్న బుల్లి తిత్తులు పెరుగుతాయి. వీటినే డాక్టర్లు ఫాలికిల్స్ అంటారు. తిత్తులు పెరిగేకొద్దీ వాటి లోపలి గోడల్లో ఉండే గ్రాన్యులోజా కణాలు ఇన్‌హిబిన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. అది తల దాకా వెళ్లి ‘ఇక చాలు’ అంటుంది. పిట్యూటరీ గరిటె వెనక్కి తీస్తుంది. వయసు పెరిగి తిత్తులు తగ్గిపోతే చెయ్యి అడ్డం పెట్టేవాళ్లే ఉండరు. అందుకే మెనోపాజ్ దగ్గరపడ్డ వాళ్లలో ఎఫ్‌ఎస్‌హెచ్ అమాంతం పెరిగిపోతుంది.

మగవాళ్లలోనూ ఈ హార్మోన్ ఉంది. అక్కడ వృషణాల నుంచి వస్తుంది. అసలు దీని కథ మొదలైందే మగవాళ్ల వైపు నుంచి. 1923లో మోట్రమ్, క్రామర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల వృషణాలు రేడియేషన్‌తో దెబ్బతింటే ఆ ప్రభావం ఎక్కడో తలలో ఉన్న పిట్యూటరీ మీద కనిపించడం గమనించారు. 1932లో అమెరికాలో మెక్‌కల్లా అనే పరిశోధకుడు ఎద్దు వృషణాల నుంచి తీసిన సారంతో పిట్యూటరీలో ఆ మార్పుల్ని ఆపగలిగాడు. దానికి ఇన్‌హిబిన్ అని పేరు కూడా పెట్టేశాడు. పేరైతే పెట్టారు గానీ మనిషి దొరకలేదన్నట్టు, ఆ పదార్థాన్ని శుద్ధి చేసి చూపించడానికి మరో 50 ఏళ్లకు పైగా పట్టింది. మధ్యలో చాలామంది అసలు అలాంటి హార్మోనే లేదన్నారు.

ఆ యాభై ఏళ్ల వెతుకులాటలో మనవాళ్లూ ఉన్నారు. ముంబయి పరేల్‌లోని పునరుత్పత్తి పరిశోధన సంస్థలో డాక్టర్ ఎ.ఆర్.షేత్ బృందం ఏళ్ల తరబడి దీనిమీద పనిచేసింది. దీనితో మగవాళ్లకు గర్భనిరోధక మందు తయారుచేయొచ్చేమోనన్న ఆశ ఆ రోజుల్లో పరిశోధకుల్లో బలంగా ఉండేది. ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఆపితే వీర్యకణాలు తగ్గుతాయి కదా అన్నది లెక్క. ఆ ఆశ ఫలించలేదు. చివరికి 1985లో ఆవుల అండాశయ తిత్తుల్లోని ద్రవం నుంచి ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం బృందం ఇన్‌హిబిన్‌ను వేరు చేసింది. అదే ఏడాది మరికొన్ని ల్యాబ్‌లూ ఆ పని చేయగలిగాయి. వృషణాల్లో మొదలైన వెతుకులాట అండాశయాల్లో తేలిందన్నమాట.

అప్పుడు తెలిసింది, ఇది ఒకటి కాదు రెండని. ఇన్‌హిబిన్-ఎ, ఇన్‌హిబిన్-బి. అక్కాచెల్లెళ్ల లాంటివి. పోలిక ఉంటుంది, ఉద్యోగాలు వేరు. ఈ రెంటినీ విడివిడిగా కొలిచే పద్ధతుల్ని 1990ల్లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయంలో నైజెల్ గ్రూమ్ రూపొందించాక గానీ ఇది ఆసుపత్రుల దాకా రాలేదు. కొలవాల్సింది పికోగ్రాముల్లో మరి. గ్రామును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక పికోగ్రాము!

మాయ పంపే కబురు

నెల తప్పాక ఇన్‌హిబిన్-ఎ ముఖ్యంగా మాయ నుంచి వస్తుంది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నప్పుడు తల్లి రక్తంలో దీని మోతాదు సగటున దాదాపు రెట్టింపు ఉంటున్నట్టు 1990ల్లో గుర్తించారు. 

డౌన్ సిండ్రోమ్ అంటే తెలిసిందే. మన కణాల్లో క్రోమోజోములు జతలు జతలుగా ఉంటాయి. 21వ జతలో రెండుకు బదులు మూడు ఉంటే వచ్చే స్థితి అది. 1866లో జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే ఇంగ్లిష్ డాక్టర్ ఆ లక్షణాల్ని వర్ణిస్తే, 1959లో ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ లెజాన్ బృందం దాని వెనుక ఉన్న అదనపు క్రోమోజోమును పట్టుకుంది. ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినాన్ని మార్చి 21న, అంటే మూడో నెల ఇరవై ఒకటో తారీఖున జరుపుకునేదీ అందుకే.

పాపం, ఆ అమ్మాయిని అడిగిన ప్రశ్నలకు ఇక్కడే జవాబు చెప్పేద్దాం. దీనికి గ్రహణంతో సంబంధం లేదు. బొప్పాయి తినడంతోనూ లేదు. నూటికి 95 కేసుల్లో వంశంతోనూ లేదు. అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు విడిపోవడంలో యాదృచ్ఛికంగా జరిగే పొరపాటు అది. మేనరికాల వల్ల వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి. తలసేమియా లాంటి జబ్బుల విషయంలో మేనరికం గురించి భయపడాల్సిందే గానీ డౌన్ సిండ్రోమ్‌ను దాని ఖాతాలో వేయలేం. తల్లి వయసుతో మాత్రం సంబంధం ఉంది. 25 ఏళ్ల తల్లికి సుమారు 1250లో ఒకటిగా ఉండే అవకాశం, 35 ఏళ్లకు 350లో ఒకటి, 40 ఏళ్లకు 100లో ఒకటి దాకా చేరుతుంది. అలాగని చిన్నవయసు తల్లులకు అసలు రాదనుకోకూడదు. కాన్పులు ఎక్కువగా జరిగేది చిన్నవయసు తల్లులకే కాబట్టి, డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువమంది వాళ్లకే పుడుతున్నారు. వయసుతో పనిలేకుండా అందరికీ ఈ పరీక్ష గురించి చెప్పమని వైద్యసంఘాలు అంటున్నది అందుకే.

ఇన్‌హిబిన్ ఒంటరిగా రాదు. దానికి ముందే ఏఎఫ్‌పీ, ఈస్ట్రియోల్, హెచ్‌సీజీ అనే మూడింటితో ట్రిపుల్ టెస్ట్ ఉండేది. లండన్‌కు చెందిన నికొలస్ వాల్డ్ బృందం 1988లో ఆ లెక్కను తయారుచేసింది. దానికి నాలుగోదిగా ఇన్‌హిబిన్-ఎ కలిపితే క్వాడ్రపుల్ టెస్ట్, మన ల్యాబ్‌ల భాషలో క్వాడ్ టెస్ట్ అయింది. ఈ నాలుగో పేరు చేరడంతో డౌన్ సిండ్రోమ్ గర్భాల్ని పట్టుకునే శక్తి నూటికి 70 నుంచి 80 దాకా పెరిగింది. 15 నుంచి 20 వారాల మధ్య చేస్తారు. పరగడుపున వెళ్లక్కర్లేదు. చేతి నుంచి కాస్త రక్తం తీస్తారు, అంతే.

పదివేల మందిలో

రిపోర్టులో ఎంఓఎం అని ఒక వరస ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా వదిలేస్తారు. బళ్లో ప్రార్థనకు పిల్లల్ని పొట్టివాళ్ల నుంచి పొడుగువాళ్ల వరకూ వరసగా నిలబెట్టారనుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడి ఎత్తు ఆ తరగతికి మధ్యమం. అలాగే ఫలానా వారంలో ఉన్న గర్భిణులందరిలో మధ్యమం ఎంతో ల్యాబ్‌కు తెలుసు. మీ అంకె దానికి ఎన్ని రెట్లో చెప్పేదే ఎంఓఎం. 1 అంటే సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. 2 అంటే రెట్టింపు. 

ఇన్‌హిబిన్ 2 వచ్చినంత మాత్రాన బిడ్డకు సమస్య ఉన్నట్టేనా? కాదు. తరగతిలో పొడుగ్గా ఉన్నవాళ్లంతా పై తరగతి నుంచి వచ్చి కూర్చున్నవాళ్లు కారు కదా. నాలుగు అంకెల్నీ, తల్లి వయసునూ కలిపి కంప్యూటర్ ఒక అవకాశాన్ని లెక్కగడుతుంది. ఆ అవకాశం 250లో ఒకటి కంటే ఎక్కువుంటే చాలా ల్యాబ్‌లు ‘పాజిటివ్’ అని ముద్ర వేస్తాయి. కొన్ని ఆ గీతను 270 దగ్గర గీస్తాయి. గీత మనుషులు గీసుకున్నదే. 1:245కు, 1:255కు ఉన్న తేడా ఎంత? ఒక కాగితం మీద ఎర్ర అక్షరాలు, ఇంకో కాగితం మీద నల్ల అక్షరాలు, అంతే.

ఓ చిన్న లెక్క వేసుకుందాం. పదివేల మంది గర్భిణులు ఈ పరీక్ష చేయించుకున్నారనుకోండి. వాళ్లలో 13 మంది కడుపులో డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలున్నారనుకుందాం. నూటికి 80 చొప్పున పట్టుకుంటే 10 మంది దొరుకుతారు, ముగ్గురు తప్పిపోతారు. ఇంకోవైపు, ఏ సమస్యా లేని వాళ్లలో నూటికి అయిదుగురికి పొరపాటుగా పాజిటివ్ వస్తుంది. అంటే దాదాపు 500 మందికి! మొత్తం 510 మంది చేతుల్లో ఎర్ర అక్షరాల రిపోర్టు ఉంటే నిజంగా సమస్య ఉన్నది 10 మందికే. యాభై మందికి ఒకరు. 

నెగెటివ్ వచ్చిందని స్వీట్లు పంచేవాళ్లు ఆ తప్పిపోయిన ముగ్గురినీ గుర్తుపెట్టుకోవాలి. ఇది జల్లెడ. జల్లెడలో ఆగినవన్నీ రాళ్లు కావు. కిందికి దిగినవన్నీ మంచి బియ్యమూ కావు.

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు

ఇక అన్నింటికంటే పెద్ద చిక్కు... తేదీలు. ‘ఎప్పుడమ్మా చివరిసారి నెలసరి?’ అంటే మనవాళ్లు చెప్పే జవాబులు తమాషాగా ఉంటాయి. ‘సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు’, ‘మా ఆడపడుచు పెళ్లికి ముందు’, ‘అమావాస్య దాటాక’. నెలసరి సరిగ్గా రానివాళ్ల సంగతి ఇంకా కష్టం. పీసీఓడీ ఉన్న అమ్మాయిల్లో అండం ఆలస్యంగా విడుదలవుతుంది. పుస్తకం లెక్క ప్రకారం 17 వారాలైనా కడుపులో బిడ్డ వయసు 15 వారాలే ఉండొచ్చు.

దానివల్ల ఏమవుతుందో చూడండి. ఆ రోజుల్లో ఏఎఫ్‌పీ వారానికి సుమారు 15 శాతం చొప్పున పెరుగుతూ ఉంటుంది. రెండు వారాలు ఎక్కువగా రాసేస్తే, 15 వారాల అంకెను 17 వారాల మధ్యమంతో పోల్చినట్టవుతుంది. ఏ లోపమూ లేకపోయినా ఏఎఫ్‌పీ ముప్పావు వంతుకు పడిపోయినట్టు కనిపిస్తుంది. డౌన్ సిండ్రోమ్ గర్భాల్లో సగటున కనిపించేదీ దాదాపు అదే ముప్పావు! ఈస్ట్రియోల్ కూడా అలాగే తక్కువగా తేలుతుంది. వారాలు గడిచేకొద్దీ తగ్గాల్సిన హెచ్‌సీజీ ఎక్కువగా తేలుతుంది. మూడు వేళ్లూ ఒకేవైపు చూపిస్తాయి, మూడూ తప్పే. ఈ విషయంలో ఇన్‌హిబిన్-ఎ కాస్త నయం. తొలి నెలల్లో పెరిగి, తర్వాత తగ్గి, సరిగ్గా ఈ పరీక్ష చేసే వారాల్లో అడుగున నిలకడగా ఉండి, మళ్లీ కాన్పు వైపు పెరుగుతుంది. అందుకే తేదీలు అటూ ఇటూ అయినా దాని మాట అంతగా మారదు.

కాబట్టి పాజిటివ్ అన్న రిపోర్టు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని కొత్త పరీక్ష కాదు. పాత కాగితం తీయడం. మూడో నెలలోపు తీసిన స్కానింగ్ రిపోర్టులో బిడ్డ వయసు ఎంతని ఉందో, ల్యాబ్ ఫారంలో ఎంతని రాశారో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అదే రక్తం అంకెలతో ల్యాబ్ మళ్లీ లెక్క వేసి ఇవ్వగలదు. రక్తం తీసేనాటికి 15 వారాలు నిండలేదని తేలితే మాత్రం మరోసారి ఇవ్వాల్సిందే.

ఫారంలో ఇంకా కొన్ని గడులుంటాయి. బరువు ఒకటి. బరువు ఎక్కువున్న వాళ్లలో రక్తం పరిమాణం ఎక్కువ కాబట్టి హార్మోన్లు పలచబడతాయి. మూణ్నెల్ల క్రితం బరువు గుర్తుచేసుకుని రాస్తే లెక్క తప్పుతుంది. మధుమేహం, కవలలు, ఐవీఎఫ్... ఇవన్నీ చెప్పాలి. దాత అండంతో గర్భం వస్తే లెక్కలోకి రావాల్సింది దాత వయసు. ఇంట్లో వాళ్లకు తెలియకూడదని ఆ గడి ఖాళీగా వదిలేస్తే మొత్తం రిపోర్టే వేరేవాళ్లదైపోతుంది. మన దగ్గర ఇంకో విచిత్రం... పుట్టినరోజులు! బళ్లో చేర్పించేటప్పుడు మాస్టారు జూన్ 1 అని వేసేసిన తరం ఇంకా ఉంది. ఆధార్‌లో ఉన్న వయసుకు, అమ్మ చెప్పే వయసుకు రెండేళ్లు తేడా. పాతికేళ్ల అమ్మాయికి దాంతో పెద్దగా నష్టం లేదు గానీ, 36 అనుకున్నావిడ నిజంగా 38 అయితే లెక్క మారిపోతుంది. పర్సులో కార్డు ఏం చెప్పినా, ల్యాబ్ మనిషికి అసలు వయసు చెప్పండి.

తర్వాత ఏం చేయాలి?

తేదీలన్నీ సరిగ్గా ఉండి, అప్పటికీ అవకాశం ఎక్కువగానే ఉందంటే ముందు రెండు దారులున్నాయి. ఒకటి, తల్లి రక్తంలో తేలియాడే మాయ డీఎన్‌ఏ తునకల్ని పరీక్షించే ఎన్‌ఐపీటీ. ఇది 2011 నుంచి వాడుకలోకి వచ్చింది. డౌన్ సిండ్రోమ్‌ను నూటికి 99 వంతుల దాకా పట్టుకుంటుంది. ఖర్చు క్వాడ్ టెస్ట్ కంటే కొన్ని రెట్లు. అయినా ఇదీ జల్లెడే, కాకపోతే చాలా సన్న జల్లెడ. ఖాయంగా తేల్చేది రెండో దారి. స్కానింగ్‌లో చూస్తూ సూదితో ఉమ్మనీరు తీసి క్రోమోజోములు లెక్కపెట్టే ఆమ్నియోసెంటిసిస్. దానివల్ల గర్భం పోయే ప్రమాదం 200లో ఒకటి అని పాత పుస్తకాల్లో ఉండేది. ఇప్పటి అంచనాలు అంతకంటే తక్కువే చెబుతున్నాయి. క్రోమోజోములు చూస్తారు కాబట్టి ఆడో మగో కూడా తెలుస్తుంది కదా అని అడిగేవాళ్లుంటారు. అది చెప్పడం 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం. 

పరీక్ష చేయించుకోవడమా మానడమా అన్నది ఆ దంపతుల ఇష్టం. రిపోర్టు వచ్చాక కూడా అంతే. ‘ఏదైనా సరే మాకు కావాలి’ అనుకునే వాళ్లు సూది దగ్గరికి వెళ్లనక్కర్లేదు. ముందే తెలిస్తే మంచి ఆసుపత్రిలో కాన్పు ఏర్పాట్లు చేసుకోవచ్చు అనుకునే వాళ్లూ ఉన్నారు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. దాన్ని చాలావరకు ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. మాటలూ నడకా ఆలస్యమవుతాయి గానీ చిన్నప్పటి నుంచీ తగిన శిక్షణ ఉంటే బడికి వెళ్తారు, పనులు చేసుకుంటారు. మంచి వైద్యం ఉన్న దేశాల్లో వాళ్లు సగటున అరవై ఏళ్ల దాకా బతుకుతున్నారు. గర్భం కొనసాగించలేమనుకునే వాళ్లకు చట్టం దారి చూపిస్తోంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం బిడ్డకు తీవ్రమైన లోపాలున్నప్పుడు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకూ, అది దాటితే మెడికల్ బోర్డు అనుమతితో గర్భస్రావం చేయించుకోవచ్చు. 

ఒప్పుకోలేనిది ఒక్కటే. క్వాడ్ టెస్ట్ కాగితం ఒక్కటి పట్టుకుని, ఏ నిర్ధారణ పరీక్షా చేయించకుండా ‘తీయించేసుకుందాం’ అనడం. యాభై మందిలో నలభై తొమ్మిది మంది బిడ్డలకు లేని సమస్యకు అది శిక్ష. ఇంట్లో పెద్దవాళ్లు తొందరపెడుతుంటే జన్యు సలహా ఇచ్చే డాక్టర్ దగ్గరికి వాళ్లనీ వెంటబెట్టుకు వెళ్లడం మేలు. హైదరాబాద్ నిమ్స్‌లో అందుకోసం మెడికల్ జెనెటిక్స్ విభాగమే ఉంది.

ఇంకో మాట. డౌన్ సిండ్రోమ్ లేదని తేలాక కూడా ఇన్‌హిబిన్-ఎ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లలో కొందరికి తర్వాతి నెలల్లో రక్తపోటు పెరగడం, బిడ్డ బరువు సరిగ్గా పెరగకపోవడం కనిపిస్తోంది. మాయ కష్టపడుతోందనడానికి అదో గుర్తు కావచ్చు. అందుకని ఆ కాగితాన్ని చించి పారేయకుండా, ఏడో నెలలో చూసే డాక్టరుకూ చూపించాలి.

చెల్లెలి సంగతి

ఇక ఇన్‌హిబిన్-బి. అండాశయంలోని చిన్న తిత్తుల నుంచి వచ్చేది ఇది. నెలసరి మూడో రోజున దీన్ని కొలిస్తే ఎన్ని తిత్తులు మిగిలున్నాయో కొంత అంచనా దొరుకుతుంది. పిల్లల కోసం చికిత్స తీసుకునే వాళ్లకు ఒకప్పుడు దీన్ని ఎక్కువగా చేసేవారు. నెలనెలకూ మారిపోతుంటుంది కాబట్టి దాని స్థానంలోకి ఇప్పుడు ఏఎంహెచ్ పరీక్ష వచ్చేసింది. 

ఈ అంకెల్ని పెళ్లి కాని అమ్మాయిల మీద ప్రయోగించడమే బాధ కలిగించే విషయం. ‘నీకు అండాలు అయిపోతున్నాయి’ అన్న మాట విని ఏడ్చుకుంటూ వచ్చేవాళ్లు ఎందరో. అమెరికాలో 30 నుంచి 44 ఏళ్ల మధ్య ఉన్న, అంతకుముందు సంతానలేమి సమస్య లేని 750 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ఏఎంహెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఇన్‌హిబిన్-బి మూడూ కొలిచి, తర్వాత ఎవరెవరికి గర్భం వస్తుందో చూశారు. అంకె తక్కువున్న వాళ్లకీ, మామూలుగా ఉన్నవాళ్లకీ సహజంగా గర్భం రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు వస్తాయో చెప్పడానికి ఈ పరీక్షలు పనికొస్తాయి. మంచి అండం ఒక్కటి ఉంటుందా లేదా అన్నది అవి చెప్పలేవు.

ఆగిపోయాక మళ్లీ వస్తే

ఇప్పుడు మన ఇళ్లలోని పెద్దవాళ్ల సంగతి. నెలసరి పూర్తిగా ఆగిపోయాక తిత్తులుండవు కాబట్టి ఇన్‌హిబిన్ దాదాపు కొలవలేనంతగా పడిపోతుంది. గర్భిణికి ఎక్కువ తక్కువల లెక్క. ఇక్కడ ఉండటమే అనుమానం. 

అండాశయ క్యాన్సర్లలో నూటికి రెండు నుంచి అయిదు వరకూ గ్రాన్యులోజా కణాల నుంచి పుడతాయి. తిత్తుల గోడల్లో ఉండి ఇన్‌హిబిన్ తయారుచేసే కణాలు ఇవే. దారి తప్పినా పాత అలవాటు మానవు. గడ్డగా మారాక కూడా ఇన్‌హిబిన్ తయారుచేస్తూనే ఉంటాయి. దొంగ తన పేరు రాసున్న చొక్కా వేసుకుని తిరిగినట్టు! 1989లో నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా పరిశోధకులు కలిసి ఈ సంగతి బయటపెట్టారు. ఆపరేషన్‌తో గడ్డ తీసేసిన తర్వాత అది మళ్లీ రాబోతుంటే, లక్షణాలు కనిపించడానికి నెలల ముందే రక్తంలో ఇన్‌హిబిన్ పెరుగుతున్నట్టు చూపించారు. ఈ గడ్డల విషయంలో ఇన్‌హిబిన్-బి మరింత నమ్మకమైన సాక్షి. మామూలు అండాశయ క్యాన్సర్లకు చేసే సీఏ-125 పరీక్షలో ఈ గడ్డ చాలాసార్లు దొరకదు.

ఈ గడ్డ ఈస్ట్రోజెన్‌ను కూడా వదులుతుంది. అందుకే ఆరేళ్ల క్రితం నెలసరి ఆగిపోయినావిడకు మళ్లీ ఎర్రబట్ట కనిపిస్తుంది. సిగ్గుతో కోడలికి చెప్పరు, కూతురికి ఫోన్‌లో చెప్పలేరు. ‘వేడి చేసిందేమో’ అని మజ్జిగ తాగి ఊరుకునేవాళ్లున్నారు. ‘మళ్లీ వయసొచ్చిందే నీకు’ అని తోటికోడలు నవ్వితే తానూ నవ్వేసేవాళ్లున్నారు. అలా కనిపించిన ప్రతివాళ్లకూ క్యాన్సర్ ఉండదు, ఎక్కువమందికి ఉండదు కూడా. కానీ ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా స్కానింగ్ చేయించాల్సిందే. ఇన్‌హిబిన్ పరీక్ష అవసరమా లేదా అన్నది దాని తర్వాతి మాట, డాక్టర్ తేల్చాల్సిన మాట. ఏ లక్షణమూ లేకుండా ‘ఒకసారి చూద్దాం’ అని చేయించుకునే పరీక్ష కాదిది.

ఈ గడ్డల్లో ఎక్కువభాగం అండాశయం దాటకముందే దొరుకుతాయి, ఆపరేషన్‌తో బాగవుతారు. కాకపోతే దీనిది చాలా ఓపిక. పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచాక కూడా తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. ఆపరేషన్ చేసిన సర్జన్ అప్పటికి రిటైరైపోతారు. ఆసుపత్రి పేరు మారిపోతుంది. రోగికే ఆ గడ్డ పేరు గుర్తుండదు, ‘అప్పుడెప్పుడో గర్భసంచి తీసేశారు’ అంటుంది. అందుకే ఆపరేషన్ నాటి బయాప్సీ కాగితాన్నీ, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఇన్‌హిబిన్ రిపోర్టునూ తేదీ వరసలో ఒకే ఫైల్లో పెట్టి, అది బీరువాలో ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచాలి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించాలి. కొత్త డాక్టర్ ఆ ఫైలు చూసి మొదట వెతికేది ఈసారి అంకె ఎంతని కాదు, కిందటిసారి ఎంతని.